సిద్ధప్ప ఇల్లు యాడ?

మా అన్న సిద్ధప్ప, కొట్లో చిల్లరగా ఇచ్చిన నోటును ఎండకెత్తి చూసేవాడు. పాలు పోసే మనిషి సందు మలుపు తిరిగాక గిన్నెలో వేలు ముంచి, గోటి మీద బొట్టు పెట్టుకుని, అది జారే తీరు చూసేవాడు. బస్సులో టికెట్టు తీసుకుంటే వెనక్కి తిప్పి కూడా చదివేవాడు. వెనక ఏమీ ఉండదని ఆయనకు తెలుసు. అయినా తిప్పేవాడు. ఎమ్మిగనూరులో మా వీధి వాళ్లు ఆయనకు సోదా సిద్ధప్ప అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరు పెట్టారన్న దాని మీద కూడా ఆయనకు ఒక అనుమానం ఉండేది.

పోయిన వానాకాలంలో జ్వరమని ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. సెలైను బాటిల్ మీద తేదీ చూడమని నాకు చెప్పడమే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట. చూశాను. తేదీ సరిగానే ఉంది. ఆ మాట ఆయనకు చెప్పేలోపల నర్సు నన్ను బయటికి పంపేసింది.

ఆయన సంగతులు తలుచుకున్నప్పుడల్లా ముందు గుర్తుకు వచ్చేది ఫ్రిజ్ కోసం బ్యాంకు కార్డు అడిగిన ఏడాది.

వదిన అంబమ్మకు చక్కెర జబ్బు. మాత్రలకు లొంగక సూదిమందు దాకా వచ్చింది. ఆ మందు చల్లగా ఉంచాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా గోడకు ఆనుకున్న ఇల్లు మరియమ్మది. ఆమె చాలాకాలం ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా పని చేసి మానేసింది. సూది వేసుకోవడం వదినకు నేర్పింది ఆమే. మందు సీసాలను తన ఫ్రిజ్ తలుపులో, గుడ్లు పెట్టుకునే గుంతల్లో నిలబెట్టేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వదిన గోడ మీదుగా పిలిస్తే సీసా అందించేది, పని కాగానే మళ్లీ తీసుకునేది.

ఇది అన్నకు మింగుడు పడలేదు. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి మరియమ్మ మధ్యాహ్నాలు ఫ్రిజ్ ఆపేస్తోందని ఆయన అనుమానం. ఒకసారి సీసాను చెంపకు ఆనించుకుని, నిన్నటి కంటే వెచ్చగా ఉందని తేల్చాడు.

"వెచ్చగుండేది నీ సెంపప్పా, సీసా కాదు," అంది వదిన.

ఎండలు ముదిరేలోపల సొంత ఫ్రిజ్ ఇంటికి రావాలని ఆయన పట్టుబట్టాడు. ఆదోనిలో ఒక దుకాణం వాళ్లు క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు వడ్డీ లేకుండా నెలనెలా కట్టించుకుని ఇస్తామన్నారు. ఫైనాన్సు వాళ్లయితే కార్డు లేకుండా కూడా ఇస్తారు. కానీ ఆ మాట ఆయన ముందు ఎత్తకూడదు. మా వీధిలో గుంపు అప్పులు తీసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వసూలుకు వచ్చినవాళ్లు గడపలో బైఠాయించి, పక్కింటివాళ్లు వినేలా మాట్లాడి, ఏదో ఒకటి చేతిలో పడేదాకా లేచేవాళ్లు కారు. అన్న జీవితంలో ఎవరి దగ్గరా చేయి చాచలేదు. నా గడపలో ఇంకొకడు కూర్చోకూడదు అనేవాడు.

ఆయన ఖాతా ఆదోనిలో ఉండేది. ఎమ్మిగనూరులో బ్యాంకులు లేక కాదు. ఊళ్లో ఖాతా తెరిస్తే అందులో ఎంతుందో సాయంత్రానికల్లా వీధికి తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆయన నేసిన దుప్పట్లు కొనే దుకాణాలు కూడా ఆదోనివే. వాళ్లు ఏళ్ల తరబడి ఆ ఖాతాలోనే డబ్బు వేస్తున్నారు. నేను ఆదోనిలో ఒక ప్రింటింగు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని చేస్తాను కాబట్టి, బ్యాంకు పని పడినప్పుడల్లా ముందు నా దగ్గరికి వచ్చేవాడు.

బ్యాంకులో వేదవతి గారని ఒక అధికారి ఉండేవారు. మంత్రాలయం దగ్గరి పల్లె ఆమెది. నెమ్మదిగా, అరవకుండా మాట్లాడేది. మీ ఖాతా శుభ్రంగా ఉంది, కార్డుకు పెట్టుకోండి, వస్తుంది అని ఆమే చెప్పింది. ఇంత మంచిగా ఎందుకు మాట్లాడుతోందని అన్న మెట్లు దిగుతూ నన్ను అడిగాడు. చివరికి సంతకాలు చేశాడు. విచారణ ఉంటుందని ఆమె అన్న మాట ఇద్దరం విన్నాం. విచారణ అంటే వాళ్ల కంప్యూటరులో వాళ్లు చూసుకునేదేమో అనుకున్నాం.

హోలీ దాటాక ఆయన ఫోనుకు ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. దాన్ని ఎమ్మిగనూరులో ఎవరికీ చూపించకుండా, ఫోను బనీను జేబులో పెట్టుకుని, బస్సెక్కి ప్రెస్సుకు వచ్చాడు. నేను చదివి, కార్డు ఇవ్వలేమన్నారని చెప్పాను.

"ఎందుకంట?"

"ఎందుకో రాయలేదు."

"రాయలేదంటే ఏదో ఉండాది," అన్నాడు.

ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. వేదవతి గారు తన తెర మీద వెతికి, కాసేపు చదువుకుని, ముఖం చిట్లించింది. ఇల్లు చూడటానికి బ్యాంకు తరఫున ఒక మనిషి ఎమ్మిగనూరు వచ్చి వెళ్లాడట. అడిగిన వ్యక్తి ఆ చిరునామాలో లేడు, ఊరు విడిచి పోయాడని ఇరుగుపొరుగు చెప్పారు. అతను రాసిందదీ.

అన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "నేను పుట్టిందే ఆ ఇంట్లో కదమ్మా."

"నాకు తెలుసండీ. కానీ కార్డు ఇచ్చేది నేను కాదు, పై ఆఫీసు. మళ్లీ చూడమని మీరు కాగితం రాసివ్వండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జతచేయండి. మళ్లీ మనిషిని పంపిస్తారు. ఈసారి మీరు ఇంట్లో ఉండండి, పక్కవాళ్లు కూడా మీరున్నారని చెప్పాలి. ఈసారీ లేరనిపిస్తే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

"ఎవురు సెప్పినారు, నేను ల్యానని?"

"పేరు ఉండదండీ. ఇరుగుపొరుగు అని మాత్రమే ఉంది."

ఆయన ఆ తెర వైపు చూశాడు. ఆమె దాన్ని కొంచెం తన వైపు తిప్పుకుంది. అది మామూలుగా తిప్పుకున్నదే కావచ్చు. కానీ అన్న నా మోకాలిని బల్ల కింద నొక్కాడు.

ఆ కాగితం ప్రెస్సులో, పెళ్లి కార్డుల కట్టల మధ్య కూర్చుని రాశాం. నేను రాసిన ప్రతి మాటనూ ఆయన పట్టి చూశాడు. 'దయచేసి' అన్న మాట తీసేయమన్నాడు, అడుక్కున్నట్టు ఉందట. 'పొరపాటున' అన్నదీ వద్దన్నాడు. పొరపాటు కాదు, ఎవరో కావాలని చేశారు, ఆ సంగతి బ్యాంకుకు తెలియాలి అన్నాడు. ఎవరో తెలియకుండా అట్లా రాయకూడదని నేనన్నాను. చాలాసేపు పోట్లాడుకున్నాక చివరికి మిగిలినవి కొన్ని వాక్యాలు: నేను ఆ ఇంట్లోనే పుట్టాను, అక్కడే నేస్తున్నాను, ఎక్కడికీ పోలేదు, నా విన్నపాన్ని మళ్లీ చూడండి. వేదవతి గారు చదివి, పుట్టిన సంగతి అవసరం లేదు గానీ ఉంటే ఉండనివ్వండి అని ముద్ర వేసింది.

మరునాడు ఆదివారం కావడంతో నేనూ ఆయనతో ఎమ్మిగనూరు బయలుదేరాను. బస్టాండులో వేరుశనక్కాయలు కొనిచ్చాడు. ఆయన కొనివ్వడం అరుదు. పొట్లం విప్పుతుంటే మెల్లగా అడిగాడు:

"నేను కార్డు పెట్టుకున్న్యానని నువ్వెవురికన్నా సెప్పినావా, బసవా?"

లేదన్నాను.

"ఇంట్లో నీకూ బాగముండాది. నేను ఆ ఇంట్లో ల్యానని ఎవురన్నా రాపిచ్చుకుంటే నీకేమన్నా వస్తాదా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. రోడ్డవతల నిలబడ్డ కోడుమూరు బస్సు నెంబరు చదువుతున్నాడు. ఏమీ రాదన్నాను. సరేలే అన్నాడు. బస్సు దిగేముందు కాయలు ఇంకా ఉన్నాయా అని అడిగి, మిగిలినవి తను తిన్నాడు. నా మీద అనుమానం పోయిందని దాన్ని బట్టి తెలిసింది.

బస్సులో ఆయన లెక్క ఒక కొలిక్కి వచ్చింది. ఇరుగుపొరుగు అంటే ఇంటికి రెండు పక్కలు. ఒక పక్క తాళం వేసిన నూలు గోడౌను. రెండో పక్క మరియమ్మ.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా మరియమ్మ ఇంట్లోకి పోయాడు. నేను వెనకే ఉన్నాను. ఫ్రిజ్ తలుపు తీసి సీసాలు తీసుకుంటున్నాడు. మరియమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమన్నా, మందు తీస్తాండావు?"

"మా మందు మా ఇంట్లో ఉంటాది."

"ఫ్రిజ్ వచ్చిందా?"

"నీ దయ వల్ల రాలా."

ఆమె ఆయన వైపు చూసింది. గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డ వదిన వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. తర్వాత, "సరే అన్నా. ఎండ తగలకుండా సూసుకో," అని తలుపు వేసేసింది. ఫ్రిజ్ తలుపు.

ఆమె ఆగడం నేను చూశాను. తప్పు చేసినవాళ్లే అట్లా మధ్యలో ఆగుతారని అప్పుడు నాకూ అనిపించింది.

సీసాలను అన్న మగ్గం గుంతలో పెట్టాడు. మా మగ్గాలు నేల మట్టానికి ఉంటాయి. నేసేవాడు కాళ్లు గుంతలోకి దించుకుని కూర్చుంటాడు. ఎండాకాలంలో ఇంట్లో చల్లగా, తేమగా ఉండే చోటు అదొక్కటే. చిన్నప్పుడు మేమూ అక్కడే పడుకునేవాళ్లం. అందులో ఒక మూల ఇసుక పోసి, తడిపి, కుండ పాతి, కుండలో మందు పెట్టాడు. గంటకొకసారి కాలి బొటనవేలు కుండకు తగిలించి చూసుకునేవాడు. ఇది మరియమ్మ ఫ్రిజ్ కంటే నయమన్నాడు, కనీసం కళ్లముందు ఉంటుందని.

"నీ అనుమానానికి సల్లదనం అక్కర్ల్యా. మందుకు కావాల," అంది వదిన. అయినా గోడ మీదుగా మరియమ్మను మళ్లీ పిలవలేదు. మొగుడు అంత మాట అన్నాక ఏ ముఖం పెట్టుకుని పిలవాలి అని నాతో అంది.

బ్యాంకు మనిషి ఎప్పుడొస్తాడో చెప్పరు. అందుకని అన్న ఇల్లు కదలడం మానేశాడు. ఆధార్ కార్డు, పన్ను రసీదు, కరెంటు బిల్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని మగ్గం పలక పక్కనే ఉంచుకునేవాడు. తెలియనివాళ్లు ఎవరొచ్చి తన పేరు అడిగినా తిన్నగా తన ఇంటికి తీసుకురమ్మని వీధంతా చెప్పి పెట్టాడు. చెప్పేటప్పుడు ఒక్కొక్కరి కళ్లలోకి చూసి చెప్పాడట.

వీధి వాళ్లకు అది పండగైంది. దోమతెరలు అమ్మేవాణ్ణి పంపారు. మిక్సీలు బాగుచేసేవాణ్ణి పంపారు. హొళగుంద నుంచి వచ్చిన, కన్నడం తప్ప మరో ముక్క రాని చిలక జోస్యుణ్ణి కూడా ఇదే ఇల్లని చూపించారు. అన్న అతని ముందు కూడా సంచి విప్పబోయాడు. చిలక తీసిన చీటీలో నమ్మినవాళ్లే మోసం చేస్తారని వచ్చింది. ఎదురు సందులో ఉండే నాగప్ప మా అన్నతో పాటు చిన్నప్పట్నుంచీ నేసినవాడు. ఆ చీటీ గురించి విని, "ఆ చిలక్కు మన వీధి బాగ తెల్సినట్లుంది," అన్నాడు.

వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. రేకుల కింద ఇల్లు పొయ్యిలా అయింది. గుంతలోని ఇసుక పొద్దున తడిపితే భోజనాల వేళకు పొడిగా ఉండేది. అరికాళ్లు మండుతున్నాయని, దాహం తీరడం లేదని వదిన ఫోనులో చెప్పింది. ఒక మధ్యాహ్నం పిండి కలుపుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చక్కెర చూసిన డాక్టరు, సూది రోజూ వేసుకుంటున్నావా అని అడిగాడు. వేసుకుంటున్నానంది. అయితే మందు చెడిపోయి ఉంటుందన్నాడు. ఎక్కడ పెడుతున్నావని అడిగితే వదిన చెప్పలేదు.

అన్న బయటికి వచ్చి, మెడికల్ షాపువాడు పాత సరుకు అంటగట్టాడన్నాడు. నేను ప్రెస్సులో సెలవు చెప్పి వచ్చి ఉన్నాను. ఐసు గడ్డలు కొని థర్మాసులో వేసి కొత్త సీసా ఒకటి తెచ్చి పెట్టాను. మరియమ్మ దగ్గర పెడదామన్నాను. కార్డు వస్తే ఫ్రిజ్ వస్తుంది, మనిషి రేపో మాపో వస్తాడు అన్నాడు.

మరునాడు నాగప్ప పడుగు పని. పడుగంటే దుప్పటికి నిలువు దారాలు. వాటిని మగ్గం ఎక్కించే ముందు వీధి పొడుగునా రెండు గుంజల మధ్య లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వాలి. దువ్వుతూనే ఆరనివ్వాలి. మధ్యలో చేయి ఆగితే దారాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ జాగా ఇక బాగుపడదు. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరి పడుగుకు అందరూ వస్తారు, కూలి ఉండదు, రేపు నా పడుగుకు నువ్వు రావాలి, అంతే. ఇప్పుడు ఎక్కువమంది తయారైన పడుగే తెచ్చుకుంటున్నారు. మా వీధిలో నాగప్ప, అన్న లాంటి కొద్దిమందే ఇంకా ఈ పాత పద్ధతి పట్టుకుని ఉన్నారు. ఇల్లు కదలనన్న అన్న కూడా పడుగు పనికి రానని అనలేకపోయాడు. ఎండెక్కకముందే మొదలుపెట్టాం. నేనూ ఒక కుంచె పట్టుకున్నాను. అన్న వీధి మొదట్లో, గుంజ దగ్గర నిలబడ్డాడు.

పడుగు కట్టినప్పుడు వీధి మూసుకుపోతుంది. ఎవరైనా వస్తే గుంజ దగ్గరే ఆగాలి. ఆ రోజు పని సగం అయ్యేసరికి ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. భుజాన సంచి, చేతిలో ఫోను ఉన్న యువకుడు. అప్పు వసూలు వాళ్లు అచ్చం అట్లాగే ఉంటారు.

"సిద్ధప్ప ఇల్లు యాడ?" అని అడిగాడు.

అన్న కుంచె ఆపలేదు. తల తిప్పలేదు.

"ఆ పేరోళ్లు ఈడ ల్యారు. ఊరిడిసి..." అని ఆగిపోయాడు.

చేయి కూడా ఆగింది.

మా వీధిలో అది నోటికొచ్చే మాట. సంచితో, ఫోనుతో వచ్చినవాడు ఎవరి పేరు అడిగినా, ఆ పేరువాళ్లు లేరు, ఊరు విడిచి పోయారు అని చెప్పడం. ఎవరి ఇంటి పరువూ గడపలో పడకూడదని అందరూ అందరికోసం చెప్పే అబద్ధం. అప్పు లేని మా అన్న కూడా మిగిలినవాళ్ల కోసం ఏళ్లుగా చెబుతూ వచ్చాడు. ఎవరి పేరు అడిగారో కూడా ఆయన చెవిన పడేది కాదేమో.

ఆ యువకుడు బండి స్టాండు వేసి దగ్గరికి వచ్చాడు. పేరు ప్రాణేశ్ అని తర్వాత తెలిసింది. "పెద్దాయనా, పోయినసారీ ఈ గుంజ కాడ నువ్వే ఉంటివి. అప్పుడూ ఇదే మాట సెప్పినావు. నేను నమ్మి ఎనక్కి పోయినా. బ్యాంకోళ్లు మళ్లీ పంపిచ్చినారు."

పడుగుకు ఇరుపక్కలా ఉన్న మనుషులందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు.

"సెయ్యి ఆపొద్దప్పా, ఆరిపోతాది," అన్నాడు నాగప్ప మెల్లగా.

"నేనే సిద్ధప్ప," అన్నాడు అన్న.

ప్రాణేశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ల్యాడంటివి. ఇప్పుడు నేనే అంటాండావు. నేనేం రాసుకోవాల?"

అన్న నన్ను సంచి తెమ్మన్నాడు. నేను పరుగెత్తి తెచ్చాను. అతను ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి, ఫొటోను, ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. మా అన్న నోటును ఎండకెత్తి చూసినట్టే చూశాడు. కాగితాలు సరే, ఇక్కడే ఉంటున్నాడని పక్కింటివాళ్లు చెప్పాలి, తన పని అదే అన్నాడు. నేను చెబుతానని నాగప్ప ముందుకు వచ్చాడు. నీది పక్కిల్లా అని అడిగితే ఎదురు సందన్నాడు. అది పనికిరాదట.

అప్పుడు నాగప్ప, ఎందుకో ఇక దాచలేక, అన్నతో అన్నాడు: "ఆ పొద్దు నువ్వట్ల అంటాంటే మేమంతా వింటిమి సిద్ధప్పా. నీకూ యాడో అప్పు పడిందనుకుంటిమి. అందుకే ఎవురం దాని మాట ఎత్తలా."

అందరినీ సోదా చేసే మనిషిని వీధంతా అన్ని వారాలు అనుమానించింది. ఆ అనుమానాన్ని ఆయన దాకా రానీయకుండా దాచింది కూడా. చిలక జోస్యుణ్ణి పంపి ఆట పట్టించినవాళ్లే ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ నోరు జారలేదు.

"పక్కిల్లు ఎవురిది?" అని ప్రాణేశ్ మళ్లీ అడిగాడు.

అందరి చూపూ మరియమ్మ అరుగు మీదికి పోయింది. ఆమె చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

అన్న కుంచె నా చేతిలో పెట్టి, గంజి చేతులతోనే నడిచి వెళ్లాడు. నడుస్తున్న పడుగును ఆయన మధ్యలో వదిలి వెళ్లడం నేను ఎప్పుడూ చూడలేదు. అరుగు కింద నిలబడ్డాడు. చేతులకు గంజి ఆరి తెల్లటి పెచ్చులు కట్టాయి.

మరియమ్మే మొదలుపెట్టింది. "ఆ పొద్దు నేనూ ఈడనే కూసోనుంటి. నీ నోటితోనే నువ్వు ల్యావంటివి. ఏ అప్పోడు ఎంటబడినాడో, అక్కకు తెల్దేమో, నేనెందుకు బయట పెట్టాలని గమ్మునుంటి. నువ్వొచ్చి మందు తీసుకపోయినప్పుడు గూడా అక్క గుమ్మంలో ఉండాది. యాడ సెప్పాల?"

"నాకు అప్పు ల్యా," అన్నాడు అన్న.

"ఇప్పుడు తెల్సింది లే."

మళ్లీ బియ్యంలో ఒక రాయి కనిపిస్తే తీసి పారేసింది. తొందరపడలేదు. అన్న అట్లాగే నిలబడి ఉన్నాడు. వదిన గుమ్మం పట్టుకుని చూస్తోంది. కార్డు, ఫ్రిజ్, కుండలో ఉడికిపోయిన మందు, అన్నీ మరియమ్మ నోటి దగ్గర ఆగి ఉన్నాయి. ఆమె కావాలంటే నాకు తెలియదు అనొచ్చు. అనదని ఆయనకు నమ్మకం లేదు. ఆ నమ్మకం లేకపోవడం ఆయన ముఖంలోనే కనబడుతోంది.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. ప్రాణేశ్ వైపు తిరిగి అంది: "రాసుకో నాయనా. ఈయప్ప సిద్ధప్పే. ఈడనే పుట్టినాడు. యాటికీ పోడు. పొమ్మన్యా పోడు."

అతను ఆమె పేరు, ఫోను నెంబరు రాసుకున్నాడు, ఇంటి ముందు అన్నను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో అన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు పక్కలా దూరంగా పట్టుకుని ఉంటాడని ఇప్పటికీ అనుకుంటాను.

మరియమ్మ వదినను పిలిచి చెప్పింది. "పాత సీసాలు పారెయ్యక్కా. కొత్తది తెచ్చియ్యి. ఆ జాగాలో గుడ్లు పెట్టలా నేను."

అన్న క్షమించమని అడగలేదు. తిరిగి వచ్చి నా చేతిలో కుంచె తీసుకుని పనిలో పడ్డాడు. ఆయన చేయి ఆగిన చోట దారాలు అతుక్కుపోయి ఉన్నాయి. నేను దువ్వినా విడలేదు. ఆ పడుగుతో నాగప్ప నేసిన దుప్పట్లలో ఒకదాని మీద గరుకైన అడ్డచార పడింది. దుకాణం వాళ్లు తీసుకోలేదు. అన్న దాన్ని బేరం చేయకుండా కొనుక్కున్నాడు. మా అన్న బేరం చేయకుండా కొన్న వస్తువు అదొక్కటేనని నాగప్ప ఊరంతా చెప్పాడు.

కార్డు వచ్చింది. దాన్ని తెచ్చినవాడి గుర్తింపు కార్డు చూశాకే అన్న సంతకం పెట్టాడట. ఆదోని నుంచి ఫ్రిజ్ ఆటోలో వచ్చింది. నేనూ దాని పక్కనే కూర్చుని వచ్చాను. తలుపు మూస్తే లోపల దీపం నిజంగా ఆరిపోతుందా లేదా అని అన్న చాలా రోజులు బాధపడ్డాడు.

సూదిమందు సీసాలన్నీ ఆ ఫ్రిజ్‌లోకి మారాయి, ఒక్కటి తప్ప. ఒక సీసా ఎప్పుడూ మరియమ్మ ఇంట్లోనే ఉండాలన్నాడు. అది అయిపోవస్తే తనే కొత్తది కొని, తనే వెళ్లి ఆ గుడ్ల గుంతలో నిలబెట్టి వచ్చేవాడు. ఎందుకప్పా అని వదిన అడిగింది.

"కరెంటు పోతే?"

"కరెంటు పోతే రెండిండ్లకూ పోతాది కద."

ఆయన సీసా మాత్రం పెడుతూనే వచ్చాడు. ఇప్పుడు వదిన పెడుతోంది.

ఆయన పోయిన తర్వాత కార్డు రద్దు చేయమని నేను వేదవతి గారి కుర్చీలోకి వచ్చిన కొత్త అధికారికి కాగితం రాసిచ్చాను. దాని సంగతి కనుక్కోవడానికో, మరెందుకో, బ్యాంకు నుంచి ఒక మనిషి ఎమ్మిగనూరు వచ్చాడట. ఆ పొద్దు కూడా నాగప్ప పడుగు కట్టి ఉన్నాడు. అతను గుంజ దగ్గర బండి ఆపి, సిద్ధప్ప ఇల్లు యాడ అని అడిగాడు.

ఆ సంగతి నాగప్పే నాకు చెప్పాడు. "ఎంతమందికి అబద్ధం సెప్పింటాం బసవా ఆ మాట. ఆ పొద్దు అది నిజమే. నోటికి రాలా."

కుంచెతో ఇంటివైపు చూపించాడట.